నడుస్తూ నడుస్తూ కరెంటు మొత్తం పోయింది: బ్యాటరీలో 12.6 వోల్టులు ఉన్నాయి, బండిలో ఏదీ వెలగదు

రాత్రిబండి
సింగిల్ సిలిండర్ ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి. 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ. నాలుగో గేరులో వెళ్తుండగా ఇంజను, మీటరు, హెడ్‌లైటు, ఇండికేటర్లు అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. అంతకుముందు జర్కులు లేవు, లైటు మసకబారడమూ లేదు. కీ ఆన్ చేస్తే పంపు చప్పుడు రాదు, హారన్ లేదు, సెల్ఫ్ నొక్కితే టిక్కుమని కూడా అనదు. మధ్యలో ఒకసారి మీటరు క్షణం పాటు వెలిగి ఆరింది. బ్యాటరీ మీద మల్టీమీటరు పెడితే 12.6. ప్రధాన ఫ్యూజు 20 ఆంపియర్లది, తీసి చూస్తే లోపలి తీగ బాగానే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తసీటు
సైడ్ స్టాండు సెన్సార్ చూశారా? కిల్ స్విచ్చి?

ఓమ్స్‌లా
కొత్తసీటు గారూ, ఆ రెండూ ఇంజనునే ఆపుతాయి, మీటరును ఆర్పవు. బండి పడిపోతే పంపును ఆపే టిప్ ఓవర్ సెన్సార్ కూడా అంతే. ఇంజను ఆగినా డాష్‌బోర్డు వెలుగుతూ ఉంటే వాటిని అనుమానించాలి. ఇక్కడ హారన్ కూడా లేదు కాబట్టి ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటర్), ఇగ్నిషన్ కాయిల్, పంపు జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు.

రాత్రిబండి గారూ, అన్నీ ఒకేసారి పోయాయంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనే తెగింది. ఆ దారి చిన్నదే. బ్యాటరీ పాజిటివ్, అక్కణ్ణుంచి స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి) బోల్టు, దాని పక్కనే ప్రధాన ఫ్యూజు, అక్కణ్ణుంచి లావు ఎర్ర వైరు హ్యాండిల్ దగ్గరి కీ స్విచ్చికి, స్విచ్చి దాటాక చిన్న ఫ్యూజుల పెట్టె. తిరుగుదారి ఫ్రేము, ఇంజను, బ్యాటరీ నెగటివ్. చాలా బండ్లలో ఇదే వరస. రంగులు మాత్రం కంపెనీని బట్టి మారతాయి, మీ బండి వైరింగ్ బొమ్మ దగ్గర పెట్టుకోండి.

ఆ 12.6 అంకెను ఇప్పుడే నమ్మకండి. డిజిటల్ మల్టీమీటరు తీసుకునే కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా, టెర్మినల్ మీద తెల్లబూజు పట్టి అంచు మాత్రమే తగులుతున్నా, మీటరు మాత్రం 12.6 అనే చెబుతుంది. అందులోంచి 5 ఆంపియర్లు లాగినప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. కాబట్టి లోడు పెట్టి కొలవండి.

పాత ఇండికేటర్ బల్బు ఒకటి తీసుకోండి, 12 వోల్టులు 21 వాట్లది. రెండు వైర్లు, రెండు క్లిప్పులు కడితే టెస్ట్ లాంప్ తయారు. ఇది 1.75 ఆంపియర్లు లాగుతుంది, మన పనికి చాలు. ఎల్‌ఈడీ టెస్టర్ పెన్ను వద్దు, అదీ మల్టీమీటరులాగే మోసం చేస్తుంది.

ముందు లాంప్‌ని బ్యాటరీ సీసపు పోల్స్ మీదే పెట్టండి, వాటికి బిగించిన వైరు చెవుల (కొసన ఉండే లోహపు రింగుల) మీద కాదు. పూర్తిగా వెలగాలి, మల్టీమీటరులో 12.2కి తగ్గకూడదు. తర్వాత నల్ల క్లిప్పు బ్యాటరీ నెగటివ్ పోల్ మీదే ఉంచేసి, ఎర్ర క్లిప్పును ఒక్కో మజిలీ ముందుకు జరపండి: పాజిటివ్ వైరు చెవి, రిలే బోల్టు, ఫ్యూజు లోపలివైపు (కరెంటు వచ్చే వైపు), ఫ్యూజు బయటివైపు (కరెంటు పోయే వైపు), కీ స్విచ్చి కప్లర్‌లోకి (వైర్లను కలిపే ప్లాస్టిక్ సాకెట్‌లోకి) వచ్చే వైరు, కీ ఆన్ చేసి స్విచ్చి నుంచి పోయే వైరు. ఎక్కడ మసకబారిందో, దానికీ అంతకు ముందు మజిలీకీ మధ్యలోనే తప్పు ఉంది. ఒక్కో చోట మీటరు రీడింగ్ కూడా రాసిపెట్టండి.

క్లిప్పు ఫ్రేముకి తగలకుండా చూసుకోండి. ఫ్యూజు కంటే ముందున్న భాగం షార్ట్ అయితే ఆపేది ఏదీ లేదు.

కిక్‌రాడ్
నేనైతే బ్యాటరీ మార్చి చూస్తాను. సీల్డ్ బ్యాటరీల్లో సెల్లుకీ సెల్లుకీ మధ్య అతుకు లోపలే విరిగితే సరిగ్గా ఇవే లక్షణాలు. ఊరికే కొలిస్తే 12 పైన చూపిస్తుంది, కీ తిప్పగానే 2, 3 వోల్టులకి పడిపోతుంది. నడుస్తూ ఆగిపోవడం కూడా సరిపోతుంది.

ఓమ్స్‌లా
సరిపోతుంది, కానీ మార్చి చూడాల్సిన అవసరం లేదు. పోల్స్ మీద పెట్టిన 21 వాట్ల బల్బే ఆ సంగతి తేల్చేస్తుంది. బల్బు వెలిగి, వోల్టేజి నిలబడితే లోపలి అతుకు తెగలేదు. సెల్ఫ్ తిప్పే శక్తి ఉందా లేదా అన్నది వేరే పరీక్ష: సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు పోల్స్ మీద 10 వోల్టుల దరిదాపుల్లో నిలబడాలి, 9.5 కిందికి పోతే బ్యాటరీ బలహీనం.

నల్లఎర్తు
అందరూ ఎర్ర వైరు వెంటే పడతారు. ఎర్తు పోయినా బండి మొత్తం చచ్చినట్టే ఉంటుంది. పరీక్ష తిరగేసి చేయండి: లాంప్ ఎర్ర క్లిప్పు బ్యాటరీ పాజిటివ్ పోల్ మీద, నల్లది ముందు ఇంజను కేసింగ్ మీద, తర్వాత ఫ్రేము మీద రంగు లేని బోల్టు మీద, చివరికి వైరింగ్ కిట్ (బండి వైర్ల కట్ట) ఎర్తు చెవి మీద. మూడు చోట్లా ఒకేలా వెలగాలి. ఫ్రేము మీద వెలిగి, కిట్ ఎర్తు మీద వెలగకపోతే ఆ చెవి కింద పెయింటో తుప్పో ఉంది. చాలా బండ్లలో ఇది ట్యాంకు కిందో ఇగ్నిషన్ కాయిల్ దగ్గరో ఉంటుంది. ఎమరీ పేపరుతో లోహం కనబడేదాకా గీకి, బిగించి, పైన పలచగా వాజలిన్ రాయండి. ముందు రాసి తర్వాత బిగించడం కాదు.

ఇంకోటి, అన్నిటికంటే తేలికైనది. బ్యాటరీ టెర్మినల్ చెవిని చేత్తో తిప్పి చూడండి. చేత్తో కదిలిందంటే అది లూజే. చిన్న బ్యాటరీల్లో బోల్టు బిగించేటప్పుడు వెనక చదరపు నట్టు కిందికి జారి, బోల్టు నాలుగు చుట్లు తిరిగి బిగిసినట్టే అనిపిస్తుంది. నట్టు కింద చిన్న రబ్బరు ముక్క పెడితే పైకి నిలబడుతుంది. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. ఈ వరస తప్పితే పాజిటివ్ మీద ఉన్న స్పానరు ఫ్రేముకి తగిలి నిప్పులు కురుస్తాయి.

పోగుతీగ
మీటరు క్షణం పాటు వెలిగిందన్నారు కదా, అప్పుడు హ్యాండిల్ తిప్పుతున్నారా? కీ స్విచ్చి నుంచి వచ్చే వైర్లు స్టీరింగ్ మెడ దగ్గర ప్రతి మలుపుకీ వంగుతుంటాయి. పై తొడుగు చెక్కుచెదరకుండానే లోపల రాగి తెగుతుంది. లాంప్‌ని స్విచ్చి అవతలి వైరుకి తగిలించి, కీ ఆన్ చేసి, హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకి నెమ్మదిగా తిప్పండి. మిణుకు మిణుకుమంటే అక్కడే. వైరుని కొంచెం లాగి చూడండి, తెగిన చోట తొడుగు రబ్బరులా సాగుతుంది, బాగున్న చోట సాగదు.

రాత్రిబండి
కొలిచాను. ఎర్తు మూడు చోట్లా ఒకేలా వెలిగింది. టెర్మినళ్ళు గట్టిగానే ఉన్నాయి. పాజిటివ్ వైపు, లాంప్ వెలుగుతుండగా:

పోల్ మీద 12.4
వైరు చెవి 12.4
రిలే బోల్టు 12.4
ఫ్యూజు లోపలివైపు 12.3
ఫ్యూజు బయటివైపు 12.3
కీ స్విచ్చికి వచ్చే వైరు 3.1, బల్బులో తీగ ఎర్రగా మాత్రమే కనిపిస్తోంది
లాంప్ తీసేస్తే అదే చోట 12.5

హ్యాండిల్ తిప్పితే మార్పు లేదు. ప్రధాన ఫ్యూజు పెట్టెను వేలితో నొక్కితే ఒకసారి బల్బు పూర్తిగా వెలిగింది.

ఓమ్స్‌లా
దొరికింది. లాంప్ లేకుండా 12.5, లాంప్‌తో 3.1. మామూలుగా కొలిస్తే ఆ వైరు బాగుందనే అనుకునేవాళ్ళం. ఫ్యూజు తల మీద కనిపించే రెండు లోహపు చుక్కల మీద ప్రోబు పెట్టే కొలిచారనుకుంటాను, బయటి చుక్క మీద కూడా 12.3 ఉందంటే ఫ్యూజు మంచిదే. మిగిలింది ఫ్యూజు బ్లేడుని పట్టుకునే క్లిప్పు, దానికి వైరు నొక్కిన క్రింపు, కప్లర్ దాకా పోయే వైరు. పెట్టె నొక్కితే వెలిగింది కాబట్టి క్లిప్పో క్రింపో. పెట్టె తీసి వెనకవైపు చూడండి, ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది.

ఇలా ఎందుకవుతుందంటే, క్లిప్పు పట్టు సడలితే అతుకులో రెసిస్టెన్స్ పెరుగుతుంది. అక్కడ 0.1 ఓమ్ వచ్చినా, 15 ఆంపియర్లు పారితే పోయే వోల్టేజి 1.5, పుట్టే వేడి 22.5 వాట్లు. అంటే మీ చేతిలోని ఇండికేటర్ బల్బంత వేడి వేలిగోరంత చోట. వేడికి క్లిప్పు స్ప్రింగు గుణం పోతుంది, పట్టు ఇంకా సడలుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. చివరికి తెగుతుంది. పారే కరెంటు 20 ఆంపియర్లు దాటలేదు కాబట్టి ఫ్యూజుకి ఇదంతా తెలియదు, అది కొట్టేయదు.

ఫ్యూజు తీరు చూసి కూడా కథ చెప్పొచ్చు. లోపలి తీగ ఆవిరై ప్లాస్టిక్ మీద నల్లమసి చిమ్మితే గట్టి షార్ట్. తీగ నడిమధ్య మెల్లగా కరిగి విడిపోతే లోడు ఎక్కువై చాలాసేపు నడిచింది. తీగ బాగుండి బ్లేడు మొదట్లో ప్లాస్టిక్ ఉబ్బితే అతుకు వేడి. మీ ఫ్యూజు తిప్పి చూడండి.

రాత్రిబండి
మీరన్నట్టే ఉంది. బయటివైపు బ్లేడు నీలంగా మారింది, దాని చుట్టూ ప్లాస్టిక్ ఉబ్బింది. వెనక వైరు తొడుగు ఓ అంగుళం దాకా బిరుసెక్కి పగిలింది. క్లిప్పుని నోస్ ప్లయర్‌తో నొక్కి బిగిస్తే సరిపోతుందా?

పోగుతీగ
ఇంటిదాకా చేరడానికైతే సరే. ఒకసారి కాలిన క్లిప్పులో స్ప్రింగు తిరిగి రాదు, మళ్ళీ అదే చోట పోతుంది. ప్రధాన ఫ్యూజు హోల్డర్ (ఆ పెట్టె) మొత్తం మార్చండి.

కొత్త హోల్డర్ వైరు పాత వైరు కంటే సన్నగా ఉండకూడదు. 20 ఆంపియర్ల ప్రధాన ఫ్యూజుకి 2.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గనివ్వకండి. నెగటివ్ విప్పేశాకే మొదలుపెట్టండి. కాలిన వైరుని నల్లబడ్డ చోట కాదు, రాగి మెరిసే చోటికి వెళ్ళి కత్తిరించండి. బిరుసెక్కిన తొడుగు కింద రాగి నల్లగా ఉంటే క్రింపు పట్టదు. 6 మిల్లీమీటర్లు ఒలిచి, ఒక్క పోగు కూడా తెగకుండా చూసి, కాపర్ స్లీవ్‌లో పెట్టి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. కటింగ్ ప్లయర్‌తో చదును చేయడం క్రింపు కాదు. తర్వాత గట్టిగా లాగి చూడండి, ఊడితే ఇప్పుడే ఊడాలి. పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం). ష్రింక్ గొట్టాన్ని క్రింపు కంటే ముందే వైరులోకి ఎక్కించుకోవాలని ప్రతిసారీ గుర్తు చేయాల్సి వస్తుంది, ఎందుకో మరి.

పాతకార్బు
సోల్డర్ వేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా?

పోగుతీగ
బండి మీద నేను వేయను. కరిగిన సోల్డర్ పోగుల మధ్య తొడుగు కిందిదాకా పాకి అక్కడిదాకా వైరుని పుల్లలా చేస్తుంది. అదురుకి ఆ పుల్ల ఆగే అంచు దగ్గర తెగుతుంది. పైగా వేడెక్కే అవకాశమున్న అతుకులో 183 డిగ్రీల దగ్గర కరిగే సోల్డర్ ఎందుకు?

పాతకార్బు
అతుకుకి రెండు వైపులా వైరుని క్లాంపు వేసి కదలకుండా కడితే తెగదు. క్రింపింగ్ ప్లయర్ లేనివాళ్ళు చేసే నాసిరకం క్రింపు కంటే మంచి సోల్డరే మేలంటాను.

ఓమ్స్‌లా
నాసిరకం క్రింపు కంటే అవును. ఈ అతుకు ప్రధాన ఫ్యూజుది కాబట్టి పరికరం అరువు తెచ్చుకునైనా క్రింపు చేయమంటాను. దానికంటే ముఖ్యమైన ప్రశ్న: రాత్రిబండి గారూ, అదనంగా ఏవైనా కట్టారా? ఆ సైజు బండి మామూలు లోడుకి 20 ఆంపియర్ల హోల్డర్ ఇంతలా కాలకూడదు.

రాత్రిబండి
రెండు ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు, ఒక్కోటి 20 వాట్లు. ఒక ఫోన్ చార్జర్. లైట్లు కీ స్విచ్చి వెనక వైరుకి కలిపి ఉన్నాయి, రిలే లేదు. ప్రధాన ఫ్యూజు 30ది వేస్తే ఇబ్బంది తీరుతుందా?

నల్లఎర్తు
వద్దు. ఫ్యూజు ఉన్నది లైట్లను కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. 20కి సరిపడే వైరు మీద 30 పెడితే షార్ట్ అయినప్పుడు వైరే ఫ్యూజు అవుతుంది, అదీ ట్యాంకు కింద. రంగులు గుర్తుంచుకోండి: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. పసుపు ఉన్నచోట పసుపే. పోయిన ఫ్యూజుకి సిగరెట్ రేకు చుట్టే వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పైగా మీ ఫ్యూజు పోనేలేదు. పోని ఫ్యూజుని పెద్దది చేస్తే ఏం తీరుతుంది?

ఓమ్స్‌లా
40 వాట్లంటే సుమారు 3.3 ఆంపియర్లు. చూడ్డానికి తక్కువే. కానీ ఆ కరెంటంతా ప్రధాన ఫ్యూజు, కీ స్విచ్చి పలక, కప్లర్ పిన్ను, అన్నిటి గుండా పోతోంది. క్లిప్పు అప్పటికే సడలి ఉంటే వేడి కరెంటు వర్గం లెక్కన పెరుగుతుంది. 6 ఆంపియర్లు 9.3 అయితే వేడి దాదాపు రెండున్నర రెట్లు.

నాలుగు కాళ్ళ రిలే పెట్టండి. 30వ కాలికి నేరుగా బ్యాటరీ పాజిటివ్ నుంచి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపు 5 ఆంపియర్ల సొంత ఫ్యూజుతో. 87 నుంచి లైట్లకి. 86కి కీ ఆన్ అయితే కరెంటు వచ్చే వైరు మీ లైట్ల స్విచ్చి ద్వారా. 85 ఎర్తుకి. ఇప్పుడు కీ స్విచ్చి మోసేది రిలే కాయిల్ తీసుకునే 0.2 ఆంపియర్ల లోపే. ఫోన్ చార్జర్ కూడా కీతో పాటు ఆరేలా చూడండి. నేరుగా బ్యాటరీకి కలిపితే, ఏ పనీ చేయకుండానే 50 మిల్లీ ఆంపియర్లు తాగేదయినా మీ 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీని 160 గంటల్లో ఖాళీ చేస్తుంది. ఇంజెక్షన్ బండి అంతకు చాలా ముందే స్టార్ట్ అవడం మానేస్తుంది.

ఎర్రబల్బు
ఇదే చర్చలో నా ప్రశ్న కూడా. నాకు తిరగేసిన సమస్య: లైట్ల ఫ్యూజు 10ది, వేయగానే పోతోంది. నాలుగు ఫ్యూజులు తగలేయకుండా షార్ట్ ఎలా పట్టాలి?

నల్లఎర్తు
ఫ్యూజు తీసి ఆ రెండు క్లిప్పుల మధ్య హెడ్‌లైట్ బల్బు పెట్టండి, 35 వాట్లది చాలు. షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, 3 ఆంపియర్లకి మించి పారదు కాబట్టి వైరు కాలదు. అలా వెలుగుతుండగానే ఆ ఫ్యూజు మీది కప్లర్లు ఒక్కోటీ ఊడదీయండి: వెనక లైటు, నంబరు ప్లేటు లైటు, హెడ్‌లైటు, ఎడమ చేతి స్విచ్చి. ఏది తీస్తే బల్బు ఆరిందో లేక బాగా మసకబారిందో షార్ట్ ఆ కొమ్మలో ఉంది. అన్నీ తీసినా వెలుగుతుంటే కిట్‌లోనే. అప్పుడు వైర్లు రాసుకునే చోట్లు చూడండి: సీటు బోల్టు కింద, వెనక మడ్‌గార్డు అంచు, స్టీరింగ్ మెడ, సైలెన్సర్ పక్క. బల్బు చూస్తూ కిట్‌ని అక్కడక్కడా కదిపితే మిణుకుతుంది.

ముందుగా వెనక మడ్‌గార్డు చూడండి. టైరుకి రాసుకున్న వైరు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

కిక్‌రాడ్
లిథియం బ్యాటరీ వేసుకున్న వాళ్ళు ఇంకోటి గమనించాలి. లోపలి రక్షణ సర్క్యూట్ వోల్టేజి మరీ తగ్గినా మరీ పెరిగినా బ్యాటరీని పూర్తిగా విడదీసేస్తుంది. మసకబారడాలు ఉండవు, స్విచ్చి ఆపినట్టే పోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ నిండుగా ఉంటే 13.2 పైన నిలబడుతుంది, 12.8 అంటే చాలావరకు దిగిపోయినట్టే. సీసం బ్యాటరీ లెక్కతో చూసి 12.8 బాగుందనుకోకండి.

రాత్రిబండి
హోల్డర్ మార్చాను, క్రింపు చేసి, 20ది కొత్త ఫ్యూజు పెట్టాను. లైట్లకి రిలే కట్టాను. అదే లాంప్‌తో కీ స్విచ్చి వైరు దగ్గర 12.3 వస్తోంది. కీ ఆన్ చేయగానే పంపు మోగింది, సెల్ఫ్ అందుకుంది.

ఓమ్స్‌లా
చార్జింగ్ కూడా చూసేయండి, అతుకు కాలినప్పుడు రెగ్యులేటర్ (చార్జింగ్ వోల్టేజిని అదుపులో ఉంచేది) దగ్గర కూడా అదే వేడి తగిలి ఉండొచ్చు. ఇంజను వేడెక్కాక బ్యాటరీ పోల్స్ మీద మీటరు పెట్టి 4000 ఆర్‌పీఎంకి లేపండి. 13.8 నుంచి 14.6 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ ఉడికిపోతుంది. 13 కూడా రాకపోతే మాగ్నెట్ కాయిల్ (ఇంజనులో కరెంటు పుట్టించేది) నుంచి రెగ్యులేటర్‌కి వచ్చే కప్లర్ విప్పి, పిన్నులు కాలాయేమో చూడండి. త్రీ ఫేజ్ అయితే ఒకే రంగు వైర్లు మూడు ఉంటాయి, చాలా బండ్లలో పసుపు. ఆ కప్లర్ విప్పి ఉండగా ఏ రెండిటి మధ్య కొలిచినా ఓమ్‌లు దాదాపు సమానంగా, 1 ఓమ్ దరిదాపుల్లో రావాలి. ఏ ఒక్కటీ ఇంజను బాడీకి కంటిన్యుటీ (కరెంటు పోయే దారి) చూపకూడదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి చార్జింగ్ చూసే పాత పద్ధతి మాత్రం వద్దు, ఇంజెక్షన్ బండ్లలో ఒక్కసారిగా పెరిగే వోల్టేజి దెబ్బకి ఈసీయూ పోవచ్చు.

రాత్రిబండి
ఐడిల్‌లో 13.4, 4000 దగ్గర 14.2, ఫాగ్ లైట్లు వేస్తే 13.9. రెగ్యులేటర్ కప్లర్ పిన్నులు శుభ్రంగా ఉన్నాయి. కొత్త ఫ్యూజు హోల్డర్‌ని అరగంట నడిపాక చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు.

పోగుతీగ
సీటు మూసేముందు ఆ హోల్డర్‌ని ఫ్రేముకి టై వేసి కట్టండి, మూత కిందివైపు ఉండేలా. పైకి ఉంటే కడిగిన నీళ్ళు అందులోనే నిలుస్తాయి.